సతత హరిత పొదల ఆకులు పండి రాలుతుంటే ఏం చేయాలి: ముందు ఆకు చూడండి, తర్వాత వేరు, చివర్లోనే ఎరువు

ఏడాది పొడవునా పచ్చగా కనిపించే పొదలు కూడా ఆకు రాలుస్తాయి. అన్నీ ఒకేసారి రాల్చవు కాబట్టి మన కంటికి ఆనదు, అంతే. కామెల్లియా, రోడోడెండ్రాన్ వంటి వాటి ఆకు రెండు మూడేళ్ళ దాకా ఉంటుంది. మందారం ఆకు ఆయుష్షు కొన్ని నెలలే. నూరువరహాలు, నందివర్ధనం, గార్డెనియా, గన్నేరు, బాక్స్‌వుడ్ దేని లెక్క దానిది. కాబట్టి పొద కింద నాలుగు పండుటాకులు కనిపించగానే కంగారు పడి ఎరువు డబ్బా అందుకోవద్దు. తోటల్లో ఆకులు పండడానికి ఎక్కువ సార్లు కారణం వేళ్ళ దగ్గర ఉంటుంది. వేరు పనిచేయని మొక్కకు ఎరువు వేస్తే అది తీసుకోలేదు సరికదా, ఆ ఉప్పుకు మిగిలిన వేళ్ళు కూడా మాడతాయి.

కింద చెప్పినవి అదే వరుసలో చేయండి. మొదటి మూడు పనులకు పావుగంట చాలు, ఖర్చేమీ లేదు. సగానికి పైగా కేసులు అక్కడే తేలిపోతాయి.

1. ఇది మామూలు రాలుడేనా?

పొద కొమ్మలను రెండు చేతులతో విడదీసి లోపలికి చూడండి. మామూలుగా ముదిరి రాలే ఆకులు లోపలి వైపున, కొమ్మ మొదట్లో ఉంటాయి. ఆకు మొత్తం ఒకే తీరున పసుపుకు తిరుగుతుంది. మచ్చలుండవు, అంచులు మాడవు. పొద నలువైపులా దాదాపు సమానంగా జరుగుతుంది. కొమ్మల చివర చిగుర్లు మాత్రం నిండుగా, మంచి రంగులో ఉంటాయి. ఈ నాలుగూ సరిపోతే చేయాల్సింది ఏమీ లేదు.

చాలా సతత హరిత పొదలు కొత్త చిగురు వేసేటప్పుడే పాత ఆకులను వదిలేస్తాయి. గార్డెనియా, కామెల్లియా, హోలీ ఈ విషయంలో బాగా భయపెడతాయి. చిగురు విచ్చుకునే రోజుల్లో ఒక్కసారిగా పావు వంతు ఆకులు పండినట్టు కనిపిస్తాయి. క్రితం ఏడాది వర్షం తక్కువై ఉంటే ఈ రాలుడు ఇంకాస్త ఎక్కువ.

2. ఏ ఆకు ముందు పండింది? రాలుతోందా, ఎండి వేలాడుతోందా?

ఒక కొమ్మను చివర నుంచి మొదలు దాకా వేళ్ళతో జరుపుతూ చూడండి. రోగ నిర్ధారణ అంతా ఇక్కడే ఉంది.

నత్రజని, మెగ్నీషియం, పొటాష్ మొక్క ఒంట్లో ఒక చోట నుంచి ఇంకో చోటికి కదలగలవు. కొరత వస్తే మొక్క వాటిని ముసలి ఆకుల్లోంచి లాగి చిగురుకు పంపుతుంది. అందుకే లోపం ముందు పాత ఆకుల్లో కనిపిస్తుంది. ఇనుము, మాంగనీసు అలా కదలవు. ఒకసారి ఒక ఆకులో చేరితే దాదాపు అక్కడే. అవి తక్కువైతే పాత ఆకులు పచ్చగానే ఉంటాయి, కొత్తగా వచ్చిన చిగురు పాలిపోతుంది.

కాబట్టి కింది ఆకులు ముందు పండితే 3, 6 దశలు మీవి. చిగురు ముందు పండితే 5వ దశ. పొద ఒక వైపే, లేదా ఒక్క కొమ్మే పండితే ఎరువుతో పనిలేదు. ఆ కొమ్మ మొదట్లో గాయం, తొలుచు పురుగు రంధ్రం, బిగిసిన తీగ, పాత లేబుల్ దారం ఉన్నాయేమో వెతకండి. ఆకు మీద సన్నటి చుక్కలు, జిగురు, మసి ఉంటే 8వ దశకు వెళ్ళండి.

ఇంకొక గుర్తు చాలామంది పట్టించుకోరు. ఆకు రాల్చడం మొక్క తానుగా చేసే పని. తొడిమ మొదట్లో ఒక పలుచని కణాల పొర ఏర్పరచి, ఆకును తెంచి కింద పడేస్తుంది. అంటే రాలుస్తున్న కొమ్మ బతికే ఉంది. ఆకులు గోధుమ రంగుకు మారి, ఎండిపోయి, రాలకుండా కొమ్మకే వేలాడుతుంటే ఆ పొర కట్టే సమయం కూడా దొరకలేదన్న మాట. కొమ్మ తొందరగా చచ్చిపోయింది. పసుపు ఆకులతో నిండిన నేలకన్నా ఎండుటాకులు పట్టుకుని ఉన్న కొమ్మే ఎక్కువ ప్రమాద సూచన. గోరుతో బెరడు కొద్దిగా గీరి చూడండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కిందికి గీరుతూ పోండి, పచ్చదనం ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది.

3. మట్టిలో చేయి పెట్టండి

పై మట్టి చూసి తడి అంచనా వేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు. పైన పొడిగా, నాలుగు అంగుళాల కింద బురదగా ఉండొచ్చు. దానికి రివర్స్‌లోనూ ఉండొచ్చు. పొద మొదలుకు జానెడు దూరంలో చేతి పారతో 15 సెంటీమీటర్ల లోతు తవ్వి, అడుగు మట్టి పిడికిట్లో పిసకండి. వేళ్ళ సందుల్లోంచి నీరు కారితే తడి ఎక్కువ. ముద్దగా నిలిచి, తడితే విరిగిపోతే సరిగ్గా ఉంది. ముద్దే కట్టకపోతే పొడి. (ఇసుక నేల తడిగా ఉన్నా గట్టి ముద్ద కట్టదు, అక్కడ చల్లదనాన్ని బట్టి చూసుకోవాలి.)

*తడి ఎక్కువగా ఉంటే.* వేళ్ళకు నీటితోపాటు గాలి కావాలి. మట్టి రంధ్రాలన్నీ నీళ్ళతో నిండితే వేరుకు ఆక్సిజన్ అందదు, కొనవేళ్ళు చచ్చిపోతాయి. చచ్చిన వేరు నీళ్ళు పీల్చదు. అందుకే మట్టి బురదగా ఉన్నా ఆకు వాడిపోతుంది. ఆ వాడుడు చూసి ఇంకో బకెట్ పోస్తారు. పొద పోవడానికి అదే కారణమవుతుంది. తడి మట్టిలో వాడిన మొక్క కనిపిస్తే నీళ్ళు ఆపాలని గుర్తు పెట్టుకోండి.

తవ్విన చోట పెన్సిల్ కన్నా సన్నని వేరు ఒకటి బయటికి తీయండి. ఆరోగ్యంగా ఉన్న వేరు తెల్లగానో లేత గోధుమ రంగులోనో ఉండి, వంచితే టక్కున విరుగుతుంది. కుళ్ళిన వేరును బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని లాగితే పై తొక్క తొడుగులా ఊడి చేతిలోకి వస్తుంది, లోపల దారంలాంటి పోగు మాత్రం మిగులుతుంది. పుల్లటి, మురుగు వాసన కూడా వస్తుంది. ఫైటాఫ్తోరా, పిథియం లాంటి నీటి శిలీంధ్రాలు చేరిన వేరు కుళ్ళు ఇదే. దీనికి మందు పోసినా చచ్చిన వేరు తిరిగి రాదు. కొత్త వేరు పుట్టే పరిస్థితి కల్పించడమే అసలు చికిత్స.

నేలలో ఉన్న పొదకైతే నీళ్ళు ఆపండి. మొదలు చుట్టూ పోగుచేసిన ఆకులు, కొబ్బరి పొట్టు, చెక్క ముక్కలు పక్కకు లాగి మట్టికి గాలి తగలనివ్వండి. పాదు పల్లంగా ఉంటే ఒక వైపు గండి కొట్టి నీళ్ళు బయటికి పోయే కాలువ చేయండి. అడుగు మట్టి ముద్ద, తడితే విరిగే దాకా వచ్చాకే మళ్ళీ తడి.

కుండీ అయితే మొక్కను మట్టిగడ్డతో సహా బయటికి తీయండి. నల్లగా మెత్తబడ్డ వేళ్ళను శుభ్రమైన కత్తెరతో మంచి భాగం దాకా కత్తిరించి, పాత తడి మట్టి వీలైనంత దులిపి, కొత్త మిశ్రమంలో నాటండి. ఇక్కడ జాలిపడి పెద్ద కుండీ ఇవ్వకండి. మిగిలిన వేళ్ళ చుట్టూ మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల ఖాళీ ఉండే కుండీ చాలు, అవసరమైతే ముందుకన్నా చిన్నదే వాడండి. వేళ్ళు లేని చోట ఉన్న మట్టి రోజుల తరబడి ఆరదు. కుండీ అడుగున గులకరాళ్ళు పరిస్తే నీళ్ళు బాగా పోతాయనేది కూడా నిజం కాదు. సన్న మట్టి పూర్తిగా నానితే గానీ నీరు కింది రాళ్ళలోకి దిగదు. ఫలితంగా నీళ్ళు నిలిచే పొర రాళ్ళ మందం మేర పైకి, అంటే వేళ్ళకు ఇంకా దగ్గరికి వస్తుంది. రంధ్రం మీద ఒక పెంకు ముక్కో, వల ముక్కో పెట్టి నేరుగా మట్టి నింపండి.

*పొడిగా ఉంటే.* నీటి ఎద్దడిలో ముందుగా లోపలి, కింది ఆకులు పండి రాలుతాయి, చిగురు వాడి తలవాలుస్తుంది. రోజూ పైపైన చెంబెడు పోసే తోటల్లో ఇది మామూలే. పై రెండు అంగుళాలే తడిసి, వేళ్ళు కూడా అక్కడికే చేరి, ఒక్క ఎండ రోజుకే మాడతాయి. తడిపితే 25–30 సెంటీమీటర్ల లోతు దాకా దిగేలా తడపండి, తర్వాత ఆరనివ్వండి. లోతు దిగిందో లేదో తెలియాలంటే పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చండి. తడి ఉన్నంత మేర సులువుగా దిగి, పొడి తగిలిన చోట ఆగిపోతుంది.

పీట్ మాస్ (చిత్తడి నేలల్లో మాగిన నాచు) ఎక్కువగా ఉన్న మట్టిగడ్డ ఒకసారి పూర్తిగా ఎండితే మళ్ళీ నీరు సులువుగా పీల్చుకోదు. పోసిన నీళ్ళు కుండీ గోడ పక్క నుంచి జారి, అడుగు రంధ్రంలోంచి గబగబా బయటికొస్తాయి. మీరేమో బాగా తడిసిందనుకుంటారు. కుండీని ఎత్తి చూడండి, తేలిగ్గా ఉంటే లోపల పొడే. కుండీ మునిగేంత నీళ్ళున్న టబ్బులో బుడగలు ఆగేదాకా, అరగంట అటూ ఇటూగా ఉంచి, తీసి పూర్తిగా వడకట్టండి.

నాటి ఏడాది కూడా కాని పొదలకు ఇదే సమస్య నేలలోనూ వస్తుంది. నర్సరీ మట్టిగడ్డ తేలిక, చుట్టూ ఉన్న నేల బరువు. చుట్టూ తడిగా ఉన్నా గడ్డ ఎండిపోతుంది. అలాంటి మొక్కకు మొదలు దగ్గరే, గడ్డ తడిసేలా ఒక్కో తడవకు ఐదు నుంచి పది లీటర్లు నిదానంగా పోయాలి. వేళ్ళు బయటి నేలలోకి పాకాక పాదు వెడల్పు చేసుకుంటూ పోవచ్చు.

*మొదలు ఎంత లోతులో ఉందో కూడా చూడండి.* కాండం నేలను తాకే చోట కొంచెం వెడల్పై వేళ్ళుగా చీలడం పైకి కనిపించాలి. కర్ర పాతినట్టు నిటారుగా మట్టిలోకి దిగిపోతే లోతుగా నాటినట్టే, లేదా ఏళ్ళ తరబడి మట్టి, ఎరువు పైన వేస్తూ పూడ్చినట్టే. మెల్లగా చేత్తో మట్టి తీసి ఆ భాగం బయటపెట్టండి. కాండం చుట్టూ చుట్టుకుని నొక్కుతున్న వేరు దొరికితే, అది సన్నదైతే కోసేయండి; కాండంలో సగం మందం ఉంటే ఈ ఏడాది ఒకటి, వచ్చే ఏడాది ఒకటి. మల్చింగ్ (మట్టి మీద పరిచే ఆకులు, పొట్టు) ఐదు నుంచి ఏడు సెంటీమీటర్ల మందం చాలు, కాండానికి బెత్తెడు దూరంలో ఆపేయాలి.

4. నీరు ఇంకే వేగం కొలవండి

తడి సమస్యే అని తేలితే పొద పక్కన, వేళ్ళకు దూరంగా 30 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పు గొయ్యి తీయండి. నిండా నీళ్ళు పోసి పూర్తిగా ఇంకనివ్వండి. మళ్ళీ నింపి, ఈసారి అడ్డంగా ఒక కర్ర పెట్టి, గంటకు నీటి మట్టం ఎంత దిగిందో స్కేలుతో కొలవండి. మొదటిసారి కొలిస్తే పొడి మట్టి పీల్చిన నీరు కూడా లెక్కలోకి వచ్చి మోసం చేస్తుంది. గంటకు రెండున్నర నుంచి ఐదు సెంటీమీటర్లు దిగితే బాగుంది. ఒక సెంటీమీటరు కూడా దిగకపోతే ఆ చోట గార్డెనియా, రోడోడెండ్రాన్, కామెల్లియా నేల మట్టానికి నాటితే నిలవవు. 20–30 సెంటీమీటర్ల ఎత్తు మట్టి కట్ట వేసి దాని మీద నాటాలి. గొయ్యిలో మాత్రమే ఇసుక, ఎరువు కలిపి నింపితే బంకమట్టి మధ్యలో నీళ్ళు నిలిచే గిన్నె తయారవుతుంది. చుట్టుపక్కల నీరంతా అందులోకే చేరుతుంది.

5. చిగురు పసుపు, ఈనెలు పచ్చ

లేత ఆకులు పసుపుగా, వాటి మీద ఈనెలు మాత్రం సన్నని ఆకుపచ్చ వలలా కనిపిస్తే ఇనుము అందడం లేదు. ముదిరితే ఆకు దాదాపు తెల్లబడి అంచులు మాడతాయి. మాంగనీసు లోపమూ ఇలాగే ఉంటుంది, కాకపోతే ఈనెల పక్కన పచ్చదనం వెడల్పు పట్టీలా ఉంటుంది. చిగురాకులు చిన్నవై, కణుపులు దగ్గరై గుత్తిలా వస్తే జింకు వైపు అనుమానించాలి.

నేలలో ఇనుము లేక కాదు ఇదంతా. చాలా నేలల్లో ఇనుము బోలెడంత ఉంటుంది, అది కరిగే రూపంలో ఉండదు. నేల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 దాటి క్షార గుణం పెరిగేకొద్దీ ఇనుము తుప్పులాగా గట్టిపడి వేరుకు అందకుండా పోతుంది. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే కరిగే ఫెర్రిక్ ఇనుము సుమారు వెయ్యో వంతుకు పడిపోతుంది. అందుకే తుప్పు మేకులు పాతిపెట్టడం వృథా, ఆ తుప్పు కూడా కరగదు. గార్డెనియా, నూరువరహాలు, కామెల్లియా, రోడోడెండ్రాన్, అజేలియా పీహెచ్ 5 నుంచి 6 మధ్య హాయిగా ఉంటాయి. ముందు ఇబ్బంది పడేవి ఇవే.

పీహెచ్ ఎందుకు పెరుగుతుందో వెతకండి. గోడ పక్క పొద ఒక్కటే పండి, పది అడుగుల అవతల అదే జాతి బాగుంటే గోడ పునాది దగ్గర సిమెంటు, గచ్చు, సున్నం పెచ్చులు పూడి ఉంటాయి. ఏళ్ళ తరబడి కఠినజలం పోసినా నేలలో సున్నం పేరుకుంటుంది. బకెట్ అంచున తెల్లటి చార కట్టే నీళ్ళైతే అది మీ కుండీలోనూ కడుతోంది. బూడిద, గుడ్డు పెంకుల పొడి అలవాటుగా వేసేవాళ్ళు ఈ మొక్కల దగ్గర మానేయాలి. ఎండు మట్టి చెంచాడు తీసుకుని నాలుగు చుక్కల వెనిగర్ వేసి చూడండి. బుసబుస పొంగితే సున్నం స్వేచ్ఛగా ఉందని అర్థం. అలాంటి నేల పీహెచ్‌ను తగ్గించాలని చూడకండి. మీరు వేసే గంధకం ఆ సున్నాన్ని కరిగించడానికే సరిపోదు. మొక్కను కుండీలోకో ఎత్తు కట్ట మీదికో మార్చండి, లేదా చీలేటెడ్ ఇనుముతో (మట్టిలో గట్టిపడకుండా చీలేటు అనే పదార్థం పట్టి ఉంచే ఇనుము) నెట్టుకురండి.

ఇప్పుడు చికిత్స. తొందరగా రంగు రావాలంటే పిచికారీ: లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). ముందు నిమ్మ ఉప్పు కలిపి, తర్వాత అన్నభేది వేయండి. నీళ్ళు లేత ఆకుపచ్చగా ఉండాలి, తుప్పు రంగుకు తిరిగితే పాడైనట్టే, పారబోయండి. కలిపిన వెంటనే, సాయంత్రం పూట, చిగురు మీదా ఆకుల అడుగునా తడిసేలా కొట్టండి. వారం పది రోజుల ఎడంతో రెండు మూడు సార్లు. గచ్చు మీద, తెల్ల గోడ మీద పడితే తుప్పు మరక పోదు. ఇది ఆ ఆకులకే పనికొస్తుంది. తర్వాత వచ్చే చిగురు మళ్ళీ పసుపే, వేరు సంగతి తేల్చకపోతే.

వేరుకు ఇవ్వడానికి చీలేటు కొనేటప్పుడు ఇనుము శాతంకన్నా చీలేటు రకం ముఖ్యం. ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాకానే నిలుస్తుంది. డీటీపీఏ సుమారు 7.5 దాకా. అంతకు మించిన నేలలకు ఈడీడీహెచ్ఏ ఒక్కటే పని చేస్తుంది. ముదురు ఎరుపు రంగులో ఉంటుంది. క్షార నేలలో చవకగా వచ్చిందని ఈడీటీఏ పోస్తే కొద్ది రోజుల్లోనే ఇనుము విడిపోయి మట్టిలో కలిసిపోతుంది. ఈడీడీహెచ్ఏను ఆకుల మీద కొట్టరు, ఎండ తగిలితే చెడిపోతుంది. ప్యాకెట్ మీది మోతాదును నీళ్ళలో కలిపి, తడి మట్టి మీద సాయంత్రం పోసి, పైన మామూలు నీళ్ళు పోసి కిందికి దింపండి.

వెనిగర్ పరీక్షలో పొంగకపోతే పొడి గంధకం వేయొచ్చు. చదరపు మీటరుకు 50 గ్రాములకు మించకుండా పైమట్టిలో కలిపి తడపండి. దాన్ని ఆమ్లంగా మార్చేది నేల బ్యాక్టీరియా కాబట్టి నెలలు పడుతుంది, చల్లటి నేలలో ఇంకా ఆలస్యం. మూడు నెలల తర్వాత పీహెచ్ చూసి మాత్రమే రెండో మోతాదు. వాన నీళ్ళు పట్టి ఈ మొక్కలకు వాడగలిగితే సగం పని అయినట్టే.

ఒక హెచ్చరిక: బురదగా ఉన్న నేలలోనూ, బాగా చల్లబడ్డ నేలలోనూ వేరు ఇనుము తీసుకోలేదు. పీహెచ్ సరిగ్గానే ఉండి చిగురు పసుపైతే 3వ దశ మళ్ళీ చూడండి. నేల వెచ్చబడగానే దానంతట అదే పచ్చబడిన గార్డెనియాలు చాలానే ఉంటాయి.

6. పాత ఆకులు పసుపు, తడి సరిగ్గానే ఉంది

మొక్కంతా లేతగా పాలిపోయి, కింది ఆకులు ఈనెలతో సహా పూర్తిగా పసుపై రాలుతూ, కొత్త ఆకులు చిన్నవి వస్తుంటే నత్రజని తక్కువ. పచ్చి చెక్క పొట్టు, ఎండుటాకులు మట్టిలో కలిపేసిన చోట ఇది ఖాయంగా వస్తుంది. వాటిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు ఉన్న నత్రజనినంతా వాడేసుకుంటాయి. అవి పైన పరిస్తే తప్పు లేదు, లోపల కలపకూడదు. నడుము ఎత్తు పొదకు రెండు మూడు కిలోల మాగిన పశువుల ఎరువు పాదులో వేయండి. తొందరగా కావాలంటే లీటరుకు 2 గ్రాముల యూరియా చొప్పున ఐదు లీటర్లు, తడి నేల మీదే పోయండి. పదిహేను రోజుల్లో చిగురు రంగు మారుతుంది.

మెగ్నీషియం తక్కువైతే పాత ఆకు అంచుల నుంచి, ఈనెల మధ్య నుంచి పసుపు లోపలికి వస్తుంది. తొడిమ వైపు ఆకుపచ్చ త్రికోణంలా మిగులుతుంది. ఇసుక నేలల్లో, పొటాష్ ఎరువు అతిగా వేసిన చోట ఎక్కువ. లీటరుకు 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్, అంటే ఎప్సం ఉప్పు, రెండు వారాల ఎడంతో రెండు మూడు సార్లు మబ్బు పట్టిన రోజో సాయంత్రమో పిచికారీ చేయండి. ఎప్సం ఉప్పును ప్రతి పసుపుకూ మందులా వాడడం మాత్రం మానండి. చిగురు పసుపైన మొక్కకు ఇది ఏమీ చేయదు.

పాత ఆకుల అంచులు మాడి, కొనలు గోధుమ రంగైతే పొటాష్ కావచ్చు. కానీ దానికన్నా ముందు కింది దశ చూడండి.

7. ఉప్పు పేరుకుందా?

మట్టి మీద, కుండీ అంచున తెల్లటి పెచ్చు, ఆకు కొనలు ఎండడం, తర్వాత పసుపై రాలడం: ఎరువు మోతాదు మించినా, ఉప్పు నీళ్ళు వాడినా ఇదే తీరు. పై పెచ్చు గీకి తీసేయండి. కుండీ పరిమాణానికి రెండు మూడు రెట్ల మంచినీళ్ళు, ఆగి ఆగి, కిందికి కారిపోయేలా పోయండి. పళ్ళెంలో నిలిచిన నీళ్ళు వెంటనే పారబోయాలి, లేదంటే కడిగిన ఉప్పంతా తిరిగి పైకెక్కుతుంది. నెల దాకా ఎరువు వద్దు. కుక్క రోజూ ఒకే మూల మూత్రం పోసే పొద కూడా ఆ వైపే, నేలకు దగ్గరగా, ఇలా మాడుతుంది.

8. ఆకు తిప్పి చూడండి

ఆకు పైన సూదితో గుచ్చినట్టు లెక్కలేనన్ని పసుపు చుక్కలుంటే ఒక కొమ్మ కింద తెల్ల కాగితం పట్టి, కొమ్మను రెండు దెబ్బలు తట్టండి. కాసేపు కదలకుండా చూస్తే ఎర్రటి, పచ్చటి ధూళి కణాలు కాగితం మీద నడవడం మొదలుపెడతాయి. ఎర్రనల్లి. వేడి, పొడి వాతావరణంలో, దుమ్ము పట్టిన గోడ పక్క పొదల్లో ఎక్కువ. గొట్టంతో ఆకుల అడుగు భాగానికి నీళ్ళు గట్టిగా కొట్టండి, మూడు నాలుగు రోజులకొకసారి మూడు దఫాలు. తగ్గకపోతే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, 1–2 మిల్లీలీటర్ల ద్రవ సబ్బు కలిపి సాయంత్రం పిచికారీ. ఎండ 30 డిగ్రీలు దాటిన వేళ, మొక్క వాడి ఉన్నప్పుడు నూనె కొడితే ఆకు మాడుతుంది. ముందు ఒక కొమ్మ మీద కొట్టి రెండు రోజులు ఆగి చూడండి. నూనె కొట్టిన పొద మీద నెలలోపు గంధకం కొట్టకండి, రెండూ కలిస్తే ఆకు కాలిపోతుంది.

ఆకులు జిగురుగా ఉండి, పైన మసి పూసినట్టు నల్లబడి, చీమలు బారులు తీరి ఉంటే రసం పీల్చే పురుగుల కోసం వెతకాలి: ఆకు అడుగున తెల్లదోమ, కణుపుల్లో దూదిలాంటి పిండినల్లి, కాండం మీద అతుక్కున్న పొలుసు పురుగు. పొలుసును గోరుతో గీకితే తడి అంటితే బతికి ఉంది, పొట్టులా రాలితే చచ్చింది. చచ్చినా కొన్ని నెలలు కాండానికే అంటి ఉంటుంది కాబట్టి మందు పనిచేయలేదనుకోవద్దు. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పైన చెప్పిన నూనె మందే పది రోజుల ఎడంతో రెండు మూడు సార్లు. చీమల్ని ఆపకపోతే ఇవి మళ్ళీ వస్తాయి, అవి విసర్జించే తీపి జిగురు కోసం చీమలు వాటిని కాపాడతాయి. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు జోలికి వెళ్ళకండి. పూల పొదల్లో అది తేనెటీగలకు చేటు, పైగా ఎర్రనల్లిని తగ్గించదు సరికదా పెంచిన సందర్భాలున్నాయి.

9. మిగతావి

గుండ్రటి గోధుమ మచ్చ, చుట్టూ పసుపు వలయం: ఆకుమచ్చ తెగులు. రాలిన ఆకులు ఏరి పారేయండి, ఆకులు తడవకుండా మొదట్లోనే నీళ్ళు పోయండి, గుబురుగా ఉంటే లోపలి కొమ్మలు పలుచన చేయండి. బాక్స్‌వుడ్‌లో మచ్చలతోపాటు లేత కొమ్మల మీద నల్లటి చారలు కనిపించి, కింది నుంచి గబగబా రాలుతుంటే అది బాక్స్‌వుడ్ బ్లైట్. కత్తెర శుభ్రం చేయకుండా పక్క పొదను ముట్టుకోవద్దు.

చోటు మార్చిన వారం పది రోజులకు ఆకులు రాలితే వెలుతురు మార్పు. ఫైకస్ జాతి దీనికి పెట్టింది పేరు. మళ్ళీ మార్చకుండా అక్కడే వదిలేయండి. ఎముకలు కొరికే చలి దేశాల్లో నేల గడ్డకట్టినప్పుడు వేరు నీరు తీసుకోలేక, ఎండ గాలి ఆకును ఆరబెట్టి, వసంతంలో ఆకులు గోధుమ రంగుకు తిరుగుతాయి. చలికి ముందే నేల బాగా తడిపి ఉంచడమే నివారణ. కొత్త ఆకులు సన్నటి రిబ్బన్లలా, మెలితిరిగి వస్తే పక్కన కలుపు మందు కొట్టారేమో కనుక్కోండి. మిగతా అంతా బాగుండి కొన్ని ఆకుల మీద మాత్రం కొట్టొచ్చినట్టు పసుపు పెళ్ళలు, ఉంగరాలు ఉంటే వైరస్. మందు లేదు, ఆ మొక్క నుంచి అంట్లు కట్టకండి.

10. ఒక్కో మార్పే, ఆగి చూడటం

కారణం తేలాక ఒక్క మార్పే చేసి మూడు నాలుగు వారాలు ఆగండి. కుండీ మార్చి, కత్తిరించి, ఎరువు వేసి, మందు కొట్టడం ఒకే రోజు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, మొక్క తట్టుకోదు కూడా. బాగా పండిన ఆకు మళ్ళీ పచ్చబడదు; ఇనుము లోపంలో మాత్రం కొంత తేరుకుంటుంది. కాబట్టి పాత ఆకులు లెక్కపెట్టడం మాని, తర్వాత వచ్చే చిగురు రంగు, సైజు చూడండి.

సగం ఆకులు రాలిన పొద సగం నీళ్ళు కూడా తాగదు. ఆకు తక్కువైతే ఆవిరయ్యే నీరూ తక్కువ. అంతకు ముందు పోసినంతే పోస్తూ ఉంటే ఎద్దడితో మొదలైన జబ్బు వేరు కుళ్ళుగా మారుతుంది. ఈ దశలో ప్రతిసారీ మట్టి పిసికి చూశాకే నీళ్ళు. మధ్యాహ్నపు ఎండ పడకుండా వారం పది రోజులు నీడ వల కట్టవచ్చు. ఎండినట్టున్న కొమ్మల్ని అప్పుడే నరకకండి. గీరితే పచ్చగా ఉన్నవాటిలో చాలా వరకు తర్వాతి చిగురు కాలంలో కణుపుల దగ్గర మొగ్గలు వేస్తాయి. చిగురు రెండు మూడు ఆకులు విచ్చాక సగం మోతాదుతో ఎరువు మొదలుపెట్టండి.

మొదలు చుట్టూ నాలుగు చోట్ల గీరినా గోధుమ రంగే కనిపిస్తే పీకేయండి, కానీ వేళ్ళు కడిగి చూడకుండా పారేయకండి. వేళ్ళ మీద పూసల్లాంటి బుడిపెలుంటే నులిపురుగులు. ఆ చోట గార్డెనియా, బాక్స్‌వుడ్ మళ్ళీ పెట్టవద్దు. వేళ్ళు నల్లగా తొక్క ఊడుతుంటే ముందు నీరు పోయే దారి చేసి, కట్ట మీద వేరే జాతి నాటండి. వేళ్ళన్నీ ఇంకా నర్సరీ కుండీ ఆకారంలోనే గుండ్రంగా చుట్టుకుని ఉంటే నాటేటప్పుడు విడదీయలేదన్న మాట. కొత్త మొక్క గడ్డ చుట్టూ కత్తితో నాలుగు నిలువు గాట్లు పెట్టి, వేళ్ళు బయటికి లాగి, మొదలు నేల మట్టానికి మూడు నాలుగు సెంటీమీటర్లు పైన ఉండేలా నాటండి. మట్టి సర్దుకున్నాక అది సరిగ్గా నేల మట్టానికి వస్తుంది.